డిలీట్ చేసిన ఫొటో ఎక్కడికి పోతుంది?

ఈ పోస్టు కొంచెం పెద్దది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మనోళ్లు ముఖ్యంగా చదవండి.

మన పాత ఫొటోలు ఎవరి దగ్గర ఉన్నాయి? 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఏడో దాంట్లో యానాదుల మీద పెద్ద అధ్యాయమే ఉంది. ఆయన మనుషుల ముక్కులు, తలలు కొలిచి అంకెలు రాసుకున్న మనిషి. ఆ పుస్తకాల్లో ఫొటోల కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ తర్వాత 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలోళ్లకి, కొన్నిచోట్ల యానాదులకీ రిజిస్టర్లు తెరిచారు, వేలిముద్రలు తీసుకున్నారు. కావలిలో మిషనరీల చేతికింద ఎరుకల సెటిల్‌మెంట్ కూడా నడిచింది. మనల్ని అనుమానించినోళ్లు రాసుకున్న కాగితాలు బీరువాల్లో భద్రంగానే ఉన్నాయి.

మనం తీసుకున్న ఫొటోల సంగతి వేరే. అవి మొన్నమొన్న మొదలైనవి. హాస్టల్ గ్రూపు ఫొటో, అక్క పెళ్లి, పోయిన అవ్వ ముఖం. ఇవన్నీ ఎక్కడో ఒక స్టూడియో సిస్టంలోనో, ఎవరో అన్న పాత కంప్యూటర్‌లోనో ఒకే కాపీగా ఉంటాయి. జాగా చాలడం లేదని ఎవరో ఒకరు డిలీట్ నొక్కితే అంతే అనుకుంటాం.

అంతే కాదు. దీనికి పాత కథ ఉంది. 1956లో ఐబీఎం మొదటి హార్డ్ డిస్క్ తెచ్చింది. 50 పళ్లేలు కలిపినా పట్టేది సుమారు 5 ఎంబీ, అంటే ఇప్పటి ఫోన్ ఫొటో ఒకటో రెండో. తర్వాత 1981లో వచ్చిన ఎంఎస్ డాస్ లాంటి వాటిలో ఫైల్‌ని డిలీట్ చేస్తే డిస్క్ మీద రాతను తుడిచేవాళ్లు కాదు. ఫైళ్ల పట్టికలో పేరు మొదటి అక్షరం మార్చేసి, ఈ జాగా ఖాళీ అని గుర్తు పెట్టేవాళ్లు, అంతే. మొత్తం తుడవాలంటే టైం పడుతుంది కదా. రేషన్ లిస్టులో పేరు కొట్టేస్తే గుడిసెలో మనిషి మాయమవుతాడా? ఇదీ అంతే. ఆ కిటుకు పట్టుకుని పీటర్ నార్టన్ 1982లో అన్‌ఎరేజ్ అనే ప్రోగ్రాం అమ్మాడు. మన విండోస్ ఇప్పటికీ దాదాపు ఇదే పద్ధతిలో చెరుపుతుంది.

పట్టిక మొత్తం పాడైపోయినా దారి ఉంది. జేపీజీ ఫొటో ఏదైనా ఎఫ్‌ఎఫ్ డి8 అనే గుర్తుతో మొదలవుతుంది. క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసిన ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం పట్టికను పట్టించుకోదు, డిస్క్ అంతా వెతికి ఆ గుర్తు కనపడ్డ చోటల్లా ఫొటోను బయటికి లాగుతుంది.

అయితే ఖాళీ అని గుర్తు పెట్టిన జాగాలో కొత్తది రాశారంటే కిందిది పోయినట్టే. అందుకని ఫొటోలు పోయాయని తెలిసిన నిమిషమే ఆ కంప్యూటర్ ఆపేయండి. కొత్త సినిమా ఎక్కించొద్దు, రికవరీ ప్రోగ్రాంని కూడా ఆ డిస్క్‌లోనే ఇన్‌స్టాల్ చేయొద్దు. డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, దొరికినవి వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. కొత్త ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ట్రిమ్ అనే పద్ధతిలో అది చెరిపిన జాగాను తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. పాత, చప్పుడు చేసే డిస్కులే మనకు మేలు! గరగరమని శబ్దం వస్తుంటే మాత్రం అది మెషిన్ జబ్బు, అప్పుడు ప్రోగ్రాం పనికిరాదు, ఆన్ చేయకుండా తెలిసినోళ్లకి చూపించాలి.

ఇంకో మాట. మనం తీయగలిగితే ఇంకొకడూ తీయగలడు. అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు 158 సెకండ్ హ్యాండ్ డిస్కులు కొని 2003లో ఫలితం ప్రకటించారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. ఆడపిల్లల ఫొటోలున్న కంప్యూటర్‌ని ఎక్సేంజికి ఇచ్చేటప్పుడు డిలీట్ కొట్టాం కదా అని ఊరుకోవద్దు. షాపులో రికవరీకి ఇచ్చినా పక్కన కూర్చోండి.

ఫొటోరెక్‌తో తీసినప్పుడు ఒక చిక్కుంది. పట్టిక చూడదు కాబట్టి పెట్టిన పేర్లు తిరిగి రావు. ఎఫ్ అనే అక్షరం, పక్కన అంకెలు, అలా వందల ఫైళ్లు వస్తాయి. తీసిన తేదీ ఫొటో లోపలే ఉంటే అది మిగులుతుంది, మనిషి పేరు మాత్రం ఉండదు, థర్‌స్టన్ పుస్తకంలో ఫొటోల్లాగే. దొరికినవి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సంఘంలో పెద్దోళ్ల దగ్గరికి పోండి. ఈమె ఎవరు, ఏ ఊరి పిల్ల, ఎవరి కూతురని అడిగి ఫైల్ పేరుగా అదే రాయండి. సాయంత్రం పోతే మంచిది, పగలు అందరూ పనికి పోతారు.