పిట్టల సినిమా తీసిన విజయా ములే

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో పెరిగిన మన బ్యాచ్‌లవాళ్లకు ‘ఏక్, అనేక్ ఔర్ ఏక్తా’ గుర్తుండే ఉంటుంది. పిట్టలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే ఏడు నిమిషాల బొమ్మల సినిమా. హిందీ రాని ఇళ్లల్లోనూ పిల్లలకు అర్థమయ్యేది. 1974లో ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన ఈ చిత్రానికి ఉత్తమ విద్యా చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. బొమ్మలకు ప్రాణం పోసింది భీమ్‌సైన్, దర్శకురాలు విజయా ములే. పాట గుర్తున్న మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

1921లో బొంబాయిలో పుట్టిన ములే పెళ్లయ్యాక పాట్నాలో స్థిరపడ్డారు. 1946లో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు ఫిల్మ్ సొసైటీల పరిచయం కలిగింది. స్వదేశానికి తిరిగొచ్చి విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూనే పాట్నాలో, తర్వాత ఢిల్లీలో ఫిల్మ్ సొసైటీల స్థాపనకు పూనుకున్నారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. దానికి సత్యజిత్ రాయ్ అధ్యక్షుడు కాగా, చిదానంద దాస్‌గుప్తాతో పాటు ములే సంయుక్త కార్యదర్శి.

అధ్యక్షుడి పేరు లోకమంతా ఎరుగును. కానీ సొసైటీలు నడిచేది కార్యదర్శుల చాకిరీ మీద. ఏ సినిమా వేయాలో ఎంచాలి, రాయబార కార్యాలయాలను అడిగి రీళ్లు తెప్పించాలి, హాలు కుదర్చాలి, చూశాక పదిమందినీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. మామూలు థియేటర్లకు రాని ప్రపంచ సినిమా మన దేశంలో ప్రేక్షకులకు చేరిన దారుల్లో ఇదొకటి. ఇప్పుడు చిత్రోత్సవాల్లో ‘ప్రోగ్రామర్’ అని పిలిచే పని ఇంచుమించు ఇదే. ములే సెన్సార్ బోర్డులోనూ అధికారిగా పనిచేశారు. జనం ఏం చూడవచ్చో తేల్చే కుర్చీలో కూర్చున్న మనిషే, జనం ఇంకా ఎన్నో చూడాలని పాటుపడ్డారు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం ఇంజనీర్‌గా నాకు ఆసక్తి కలిగించే ఘట్టం. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. ఊళ్లో పెట్టింది కోళ్లగూళ్లకు కట్టే వైరుమెష్ లాంటి జాలీతో చేసిన, మూడు మీటర్ల యాంటెన్నా. ఇంజనీరింగ్ చరిత్రలో మనం ఆ యాంటెన్నా గురించి చెప్పుకుంటాం. అందులోంచి పిల్లలకు ఏం చూపించాలన్న ప్రశ్న అంతకంటే చిన్నదేమీ కాదు. ఆ పిల్లల కార్యక్రమాల తయారీలో పాలుపంచుకున్న విద్యా సాంకేతిక కేంద్రానికి సారథ్యం వహించింది ములేనే.

భారతదేశాన్ని విదేశీ సినిమాలు ఎలా చూపాయన్న విషయంపై ఆమె రాసిన పుస్తకం 2010లో వచ్చింది. అప్పటికి ఆమె తొంభైకి చేరువలో ఉన్నారు. 2019లో కన్నుమూశారు.

నేటి పిల్లల చేతిలో ఫోను ఉంది, చూడటానికి లోటు లేదు. ఏరి ఇచ్చే మనిషే కరువు. స్వర్ణోత్సవం పేరిట మన బడికి ఏమిద్దామా అని ఆలోచిస్తున్న మిత్రులకు ఒక్క మాట: ప్రొజెక్టర్ కొనిస్తే చాలదు. నెలకొక మంచి సినిమా ఎంచి, పిల్లలతో కలిసి చూసి, చర్చ పెట్టే ఒక ఉపాధ్యాయుడికో ఉపాధ్యాయురాలికో ఏడాది పొడవునా మనం అండగా నిలవాలి.