‘రైట్’ అనే ఒక్క మాట

ఇంగ్లీషులోని ఒక మాటను ఫ్రెంచిలోకి మార్చడం ఎట్లా అనే ప్రశ్నతో సింగపూరు తెలుగువారికేమి పని అని పాఠకులు అడుగవచ్చు. పని ఉన్నది. మన జాతిలో రెండు శాఖలవారు ఫ్రెంచి నీడన పెరిగినవారే. గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. మారిషసును 1810లో బ్రిటిషువారు గెలుచుకొన్నప్పుడు అక్కడివారి చట్టాలను, ఆచారాలను అట్లే ఉండనిచ్చారు. అందుచేత ఆ తరువాత చెరకు తోటలకు చేరిన తెలుగు కూలీలు ఇంగ్లీషు ప్రభుత్వం క్రింద, ఫ్రెంచి చట్టం నడుమ బ్రతికారు. మలయా తోటలకు వచ్చిన మన తాతలకు దొరల భాష ఒక్కటే, వారికి రెండు. ఆ రెంటికీ నడుమ ఎటూ సులభంగా దాటని మాటలలో ‘రైట్’ ఒకటి.

మాట చిన్నది, అర్థాలు అనేకం. కుడి చేయి రైట్. లెక్క సరిపోతే రైట్. న్యాయమైన పని రైట్. మనకు చెందవలసినది మన రైట్. లంబకోణం రైట్ యాంగిల్. ఇక ఆంధ్రదేశంలో బస్సు కండక్టరు ‘రైట్, రైట్’ అంటే బండి కదులుతుంది. ఆ రైటుకు కుడితోనూ పని లేదు, న్యాయంతోనూ పని లేదు!

ఫ్రెంచివారు ఈ అర్థాలలో కొన్నింటిని కలిపి ఉంచారు, కొన్నింటిని విడగొట్టారు. వారి ‘ద్రువా’ అంటే హక్కు. న్యాయశాస్త్రం కూడ అదే. తిన్ననిది, నిటారైనది కూడ అదే. కుడివైపు ‘ద్రువాత్’. కాని లెక్క రైటయితే ‘జుస్త్’ అంటారు. ‘మీరు చెప్పింది రైట్’ అనవలసిన చోట ‘మీకు హేతువున్నది’ అన్న పద్ధతిలో ‘వు జావే రెజోఁ’ అంటారు. తొందరపడి ఇక్కడ ద్రువా వేస్తే ‘మీరు నిటారుగా ఉన్నారు’ అని అర్థం వస్తుంది. తిరుగు ప్రయాణంలోనూ చిక్కే. ఫ్రెంచి కాగితంలో ద్రువా కనబడినప్పుడు అది మనిషికి చెందిన హక్కా, రాజ్యం పెట్టిన న్యాయమా అని అనువాదకుడు ఆగి చూడాలి. 1789లో ఫ్రాన్సు ప్రకటించిన మానవ హక్కుల పత్రంలో ఉన్నది ఈ మాటే.

ఇన్ని అర్థాలు ఒక మాటలో ఎందుకు చేరాయంటే, మూలార్థం ‘తిన్ననిది’ కావడం వల్ల. ఇంగ్లీషు రైట్, లాటిను నుండి వచ్చిన ఫ్రెంచి ద్రువా, సంస్కృతంలోని ‘ఋజు’ ఒకే ధాతువు నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మన ‘ఋజువు’ రైటుకు దూరపు చుట్టమన్నమాట. కాని తెలుగులో ఋజువు సాక్ష్యం చూపించడానికి పోయింది; హక్కు దగ్గరికి రాలేదు.

మన భాష వేరొక త్రోవ పట్టింది. ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క ఇంటి మాట. కుడి, ఒప్పు మన సొంతం. న్యాయం సంస్కృతం. హక్కు అరబ్బీ, నవాబుల కచేరీ కాగితాలతో, పారసీ గుమాస్తాల కలాలతో తెలుగునాట దిగింది. ఇట్టి అన్యదేశ్య పదాలను సి.పి. బ్రౌను దొర ప్రత్యేకంగా ఏర్చి 1854లో మిశ్ర నిఘంటువుగా అచ్చువేయించాడు. శుద్ధ భాష కోరే పెద్దలకు ఈ మాటలు రుచించకపోవచ్చు గాని మాకు హక్కు మీద ప్రత్యేకాభిమానం. ఎందుకంటే అదే అరబ్బీ మాట సముద్రం మీద మలయు భాషకూ చేరి ‘హక్’ అయింది. మన పొరుగింటి మలయువారు ఆ మాట అంటే నిఘంటువు లేకుండానే మనకు తెలుస్తుంది. మన తమిళ సోదరులు మాత్రం తమ సొంతమైన ‘ఉరిమై’ని నిలబెట్టుకొన్నారు.

ఒప్పు సంగతి ఇంకొకటి చెప్పాలి. ఒప్పు నుండి ఒప్పుకోవడం, దాని నుండి ఒప్పందం. మలయాకు ఒప్పందపు కూలీలను పంపడం 1910లో ఆగింది. కంగాణీల వెంట జనం 1938 వరకు వస్తూనే ఉన్నారు. తోటల కాలాన్ని తలచుకొంటే ఒప్పందం వినబడుతుంది, అప్పు వినబడుతుంది. వ్రేలిముద్ర వేసిన మనిషికి ఆ కాగితంలో తన హక్కేదో చదువుకొనే అక్షరం ఎక్కడిది?

అక్షరం తెలిసిన మనకూ ఈ మాటతో పని పడింది. సింగపూరు 1965 స్వాతంత్ర్య చట్టం మలయు, మాండరిన్, తమిళం, ఇంగ్లీషులను అధికార భాషలుగా నిర్ణయించింది. మలయును జాతీయ భాష చేసింది. ఆ వెంటనే ఇతర భాషలను గురించి ఒక వాక్యమున్నది. దానిని తెలుగు చేయమని మా సాయంకాలపు తరగతిలో పంతులుగారు పలకమీద వ్రాశారు. మేమందరం తల నెరిసిన విద్యార్థులమే. ఒకరు ‘ఎవరికి ఇష్టమైన భాషను వారు నేర్చుకొనే హక్కు గలదు’ అని ఉత్సాహంగా వ్రాశారు. పంతులుగారు హక్కును కొట్టివేశారు. మూలంలో రైట్ లేదు. ‘మరే భాషనైనను వాడుటకు గాని, బోధించుటకు గాని, నేర్చుకొనుటకు గాని ఎవరినీ నిషేధించరాదు, అడ్డగించరాదు’ అని మాత్రమే ఉన్నది. ఫ్రెంచిలో పెట్టినా ఇక్కడ ద్రువా రాకూడదు.

కొట్టివేత మాకు కష్టం తోచింది గాని, అనువాదం అదే సరియైనది. హక్కు అంటే ఇవ్వవలసినవాడు ఒకడు ఎదుట ఉంటాడు. అడ్డు లేదంటే త్రోవ తెరచి ఉన్నది, నడక మనది. 1990 ప్రాంతంలో హిందీ, ఉర్దూ, వంగ, గుజరాతీ, పంజాబీ భాషలకు బడి పరీక్షలలో రెండవ భాషగా చోటు దొరికింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మారిషసు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు చెప్పే పంతుళ్లున్నారు; అక్కడి పిల్లవాడు ద్రువా అన్నా, హక్కు అన్నా చూపించడానికి ఒక తరగతి గది ఉన్నది. ఇక్కడ గది మనమే వెతుక్కోవాలి, పంతులుగారి జీతం మనమే పోగుచేసుకోవాలి, సాయంత్రం పిల్లల చేయి పట్టుకొని మనమే తీసుకొనిపోవాలి. అడ్డగించేవారు మాత్రం ఎవరూ లేరు.