స్వరలిపి సాఫ్ట్‌వేర్

సంగీతాన్ని కంప్యూటర్‌లో రాసి, దిద్ది, వినిపించుకుని, అచ్చు తీసుకోవడానికి పనికొచ్చే ప్రోగ్రామ్‌ను స్వరలిపి సాఫ్ట్‌వేర్ లేదా నొటేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ వేరు, ఇది వేరు. దీనిలో తయారయ్యేది వాయిద్యకారుడి ముందు పెట్టే కాగితం. వాడుకలో ఉన్న ముఖ్యమైనవన్నీ అయిదు గీతల పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్ కోసం పుట్టినవే. సరిగమలు రాసుకునే తెలుగువారికి ఎంపికలో మొదటి చిక్కు అక్కడే వస్తుంది.

డబ్బు పెట్టి కొనేవాటిలో ఫినాలే పాతది, 1988లో వచ్చింది. ఇంగ్లండ్‌కు చెందిన కవలలు బెన్ ఫిన్, జొనాథన్ ఫిన్ రాసిన సిబెలియస్ 1993లో విడుదలైంది. 2006లో దాన్ని అవిడ్ సంస్థ కొన్నది. 2012లో సిబెలియస్ లండన్ కార్యాలయం మూతపడ్డాక అక్కడి బృందం స్టైన్‌బర్గ్ అనే సంస్థకు వెళ్లి, 2016లో డోరికో అనే మరో నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. ఫినాలేను ఇక అభివృద్ధి చేయబోమని దాని యజమాని మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టు 26న ప్రకటించింది. ఏళ్ల తరబడి అందులోనే రాసుకున్నవాళ్లు తమ ఫైళ్లను వేరేచోటికి తరలించుకునే పనిలో పడ్డారు. అలాంటప్పుడు ఆదుకునేది మ్యూజిక్ఎక్స్ఎంఎల్ అనే ఉమ్మడి ఫైలు రూపం. మైకేల్ గుడ్ రూపొందించిన దీని తొలి ప్రమాణం 2004లో వెలువడింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా అది ఈ రూపంలో ఫైళ్లను రాయగలదా, చదవగలదా అన్నది ముందు చూడాలి.

ఉచితంగా దొరికేవాటిలో ప్రధానమైనవి రెండు. నెదర్లాండ్స్‌లో 1996లో మొదలైన లిలీపాండ్‌లో స్వరాలను మౌస్‌తో పెట్టడం ఉండదు, అంతా అక్షరాల్లో టైపు చేయాలి. అచ్చు ముచ్చటగా వస్తుంది కానీ ప్రోగ్రామింగ్ అంటే బెదిరేవారికి నప్పదు. జర్మనీకి చెందిన వెర్నర్ ష్వీర్ 2002లో మొదలుపెట్టిన మ్యూజ్‌స్కోర్ నేర్చుకోవడానికి తేలిక. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే ఖరీదైనది అక్కర్లేదు.

ఉదాహరణకు మాయామాళవగౌళలో తొలి సరళి వరసను తీసుకుందాం. షడ్జమాన్ని ‘సి’ అనుకుంటే రిషభం డి ఫ్లాట్, ధైవతం ఎ ఫ్లాట్ అవుతాయి. మ్యూజ్‌స్కోర్‌లో ‘ఎన్’ మీట నొక్కి, 5 నొక్కితే క్వార్టర్ నోట్ సిద్ధం. ‘డి’ కొట్టి కింది బాణం ఒకసారి నొక్కితే స్వరం అరమెట్టు దిగుతుంది. ఆదితాళానికి కాలసంకేతం 8/4 పెట్టుకోవచ్చు. సాహిత్యం కోసం కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కి తెలుగులోనే టైపు చేయవచ్చు. ఒక్కో అక్షరం తర్వాత హైఫన్, పదం ముగిశాక ఖాళీ మీట కొడితే మాట తర్వాతి స్వరం కిందికి జరుగుతుంది. ‘భక్తి’ని భ, క్తి అనే విడదీయాలి. ఇంగ్లిషు అలవాటుతో ‘భక్’ అని ఆపితే చదివేవాళ్లు తడబడతారు. అక్షరాల బదులు గళ్లు కనిపిస్తే ఫాంటును గౌతమికో, నిర్మల యూఐకో మార్చాలి.

గమకం దగ్గర మాత్రం ఇవన్నీ చేతులెత్తేస్తాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లలో ఆ గుర్తులు సిద్ధంగా లేవు. కామాతో ఒక అక్షరకాలం, సెమీకోలన్‌తో రెండు చూపించే మన సరిగమల పద్ధతే చాలనుకునేవారికి వర్డ్ ప్రాసెసర్‌లో ఎనిమిది గళ్ల పట్టిక మేలు. స్థాయి చుక్కలు కొన్ని ఫాంట్లలో పక్కకు ఒరుగుతాయి, అచ్చుకు ముందు ఒకసారి సరిచూసుకోవాలి. వయొలిన్ బృందంతో వాయించాలన్నా, పియానో పరీక్షకు వెళ్లాలన్నా స్టాఫ్ నొటేషన్ తప్పదు.

మ్యూజ్‌స్కోర్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చాలామంది పొరబడేది చిరునామా దగ్గర. ప్రోగ్రామ్ దొరికేది మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్‌లో, పూర్తిగా ఉచితం. అదే పేరుతో ఉన్న డాట్ కామ్ స్వరప్రతులు పంచుకునే చోటు, చందా అడిగేది అక్కడే. మొబైల్ యాప్ చూడటానికి, వినడానికే తప్ప రాయడానికి కాదు. మ్యూజ్‌స్కోర్ నాలుగో వెర్షన్‌కు 64 బిట్ కంప్యూటర్ కావాలి. డౌన్‌లోడ్ మీట మొదట మ్యూజ్‌హబ్ అనే మరో ప్రోగ్రామ్‌ను అందిస్తుంది. మంచి వాయిద్య ధ్వనులు దాని ద్వారానే వస్తాయి గానీ అవి చాలా పెద్ద ఫైళ్లు. నెట్ అంతంతమాత్రమైతే మ్యూజ్‌హబ్ లేకుండా దించుకునే లింకు వెతకండి, స్వరాలు రాయడానికి అది చాలు.

నాలుగో వెర్షన్‌లో దాచిన ఫైలు మూడో వెర్షన్‌లో తెరుచుకోదు. గురువుగారి కంప్యూటర్‌లో పాతది ఉంటే ఆయనకు మ్యూజిక్ఎక్స్ఎంఎల్ ప్రతి పంపండి.