మోడెం కార్డు మీద చిప్పులెన్ని?

ఇంటర్నల్ మోడెం అంటే, బయటి మోడెం పెట్టెని చిన్నది చేసి తర్వాతెప్పుడో కంప్యూటర్ లోపల పెట్టారనుకుంటాం. చరిత్ర చూస్తే వరుస అలా లేదు. డెనిస్ హేస్ 1977లో హాబీ కంప్యూటర్ల కోసం చేసిన మోడెం లోపల గుచ్చే కార్డే. ఆయనా, డేల్ హెదరింగ్టనూ కలిసి స్మార్ట్‌మోడెం అనే విడి పెట్టెని తెచ్చింది 1981లో. కారణం మామూలుదే: ఒక్కో కంపెనీ కంప్యూటర్‌కి ఒక్కో రకం స్లాట్. సీరియల్ పోర్టు మాత్రం చాలావాటికి ఉండేది.

పెట్టె బయటికి పోగానే కొత్త చిక్కొచ్చింది. డేటా వెళ్లే తీగ ఒక్కటే. దాని మీదే ‘ఈ నంబరు డయల్ చెయ్’, ‘ఫోన్ పెట్టెయ్’ అని కూడా చెప్పాలి. హేస్ వాళ్లు ఏటీతో మొదలయ్యే చిన్న చిన్న ఆజ్ఞలు పెట్టారు. ఏటీడీ అంటే డయల్, ఏటీహెచ్ అంటే పెట్టెయ్యడం. డేటా నడుస్తుండగా మోడెంతో మాట్లాడాలంటే ఒక సెకను ఆగి, మూడు ప్లస్‌లు కొట్టి, మళ్లీ సెకను ఆగాలి. పోటీ కంపెనీలు కూడా ఈ భాషనే నేర్చుకున్నాయి. ఐబీఎం పీసీ వచ్చి స్లాట్ల గొడవ ఒక కొలిక్కి వచ్చాక మోడెం మళ్లీ లోపలికి చేరింది. కానీ ఈసారి సీరియల్ పోర్టు వేషం వేసుకుని వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కి అది ఇంకో కామ్ పోర్టులాగే కనిపించాలి కాబట్టి, ఆ పోర్టుని నడిపే యూఏఆర్‌టీ చిప్పు కార్డు మీదే ఉండేది.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఇది నిజంగా మేలే. పాత మదర్‌బోర్డుల సీరియల్ పోర్టులో ఒక్క బైటు నిలవుండే చోటే ఉండేది. ప్రాసెసర్ వచ్చి తీసుకెళ్లేలోపు ఇంకో బైటు వస్తే మొదటిది గల్లంతు. బయటి మోడెం ఎంత మంచిదైనా ఈ ఇరుకు పోర్టులోంచే రావాలి. లోపలి కార్డు తనతో 16550 రకం చిప్పుని తెచ్చుకుంటే 16 బైట్ల జాగా దొరికేది. అంటే ముసలి మెషీన్‌కి చేతకాని పనిని కార్డు నెత్తినేసుకుందన్నమాట.

బిగించడంలో మాత్రం తిప్పలుండేవి. పీసీలో కామ్1కీ కామ్3కీ ఇంటరప్ట్ లైను ఒక్కటే, 4వది. కామ్2, కామ్4లది 3వది. మౌస్ కామ్1 మీద ఉండి, మోడెంని కామ్3లో పెడితే రెండూ ఒకే తలుపు తడతాయి. కనెక్షన్ బాగానే కలుస్తుంది, మౌస్ కదపగానే బిగుసుకుపోతుంది. మందు ఏమిటంటే, బయోస్‌లోకెళ్లి వాడని కామ్2ని ఆపేసి, కార్డు మీది జంపర్లు మార్చి ఆ చోటు మోడెంకివ్వడం. ఇది విసుగు పనే. అయినా ఈ పని చేసినవాడికి కంప్యూటర్‌లో ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారో తెలిసేది. ప్లగ్ అండ్ ప్లే వచ్చాక జంపర్లు పోయాయి, ఆ తెలివిడి అవసరమూ తగ్గింది.

మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్‌ని జనానికి తెరిచింది 1995 ఆగస్టు 15న. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకీ అనుమతి దొరికింది. ఇక్కడ సెట్టింగులు కూడా మన ఫోన్లకి తగ్గట్టే. పాత ఎక్స్చేంజి అయితే టోన్ బదులు పల్స్ డయలింగ్, అంటే ఏటీడీటీ కాదు, ఏటీడీపీ. అమెరికా డయల్ టోన్‌కి అలవాటుపడ్డ మోడెం మన టోన్‌ని గుర్తుపట్టకపోతే, ‘టోన్ కోసం ఆగకు’ అని ఏటీఎక్స్3తో చెప్పాలి. ఇక పక్క గదిలో ఎవరైనా ప్యారలల్ ఫోన్ ఎత్తితే దానికి ఏ ఆజ్ఞా లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మోడెం కార్డు మీద చిప్పులు తగ్గిపోయాయి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న రెండు పాత కార్డులు నా దగ్గరున్నాయి. ఐఎస్‌ఏ కార్డు మీద కంట్రోలర్, సిగ్నల్ ప్రాసెసర్, మెమరీ అన్నీ ఉన్నాయి. పీసీఐ కార్డు మీద ఫోన్ లైనుకి కావలసిన రిలే, ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి పోగా, చెప్పుకోదగ్గవి రెండే చిప్పులు. మిగతా మోడెం ఏదీ? అది డ్రైవర్ సీడీలో ఉండేది. విన్‌మోడెం అంటే ఇదే. అది యూఎస్ రోబోటిక్స్ వాళ్ల పేరు, తర్వాత ఆ జాతికంతటికీ అదే పేరైపోయింది. కొన్నిటిలో కంట్రోలర్ పని మాత్రమే ప్రాసెసర్ మీద పడేది. మరీ చౌకవాటిలో సిగ్నల్ లెక్కలు కూడా దాని నెత్తినే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా నాకు ఈ ఆలోచన ముచ్చటేస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు వేరే చిప్పులకి డబ్బెందుకు? కానీ పాత మెషీన్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడింది. చౌక కార్డు కావలసింది చౌక కంప్యూటర్ ఉన్నవాళ్లకి. ఆ కార్డుకేమో బలమైన ప్రాసెసర్ కావాలి. 486లో ఈ రకం కార్డు పెడితే ఉపయోగం లేదు. లినక్స్ వేసుకున్నవాళ్లకి ఇంకో దెబ్బ: డ్రైవర్ విండోస్‌కే రాశారు, లోపలి వివరాలు చాలా కంపెనీలు బయటపెట్టలేదు. డబ్బు లేక ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు వచ్చిన విద్యార్థికి, డబ్బు లేక కొన్న మోడెమే అడ్డం.

అలాగని దీన్ని ఒట్టి మోసమనలేను. సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించుకున్న పీసీల్లోకి, మన ఇళ్లలోకి ఇంటర్నెట్ రావడంలో ఆ ఖాళీ కార్డుల వాటా పెద్దది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈమాట మొదలుపెట్టింది 1998లో. రోమన్ లిపిలో రాసిన తెలుగు పేజీ నాలుగైదు కిలోబైట్లే అయితే, 28.8 లైను మీద కూడా రెండు సెకన్లకి అటూ ఇటూగా దిగిపోతుంది. ఇక్కడ కూర్చుని అలా చదివినవాళ్లలో ఎంతమంది కార్డు మీద చిప్పులు లెక్కపెట్టి ఉంటారు? లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోవడమే వాళ్లకి దొరికిన సౌకర్యం.

ఆ సౌకర్యానికి గడువుందని తర్వాత తెలిసింది. ఐఎస్‌ఏ స్లాట్ ఉన్న మెషీన్‌లో పెడితే నా పాత కార్డు ఇప్పటికీ ఏటీ అనగానే ఓకే అంటుంది. రెండోదానికి దాని డ్రైవరూ, ఆ కాలపు విండోసూ కావాలి. అవి లేకపోతే అది ఫోన్ తీగ దూర్చే కన్నం మాత్రమే.

ఇప్పుడు ఫోన్లలో మోడెం మళ్లీ తన పని తనే చేసుకుంటోంది. బేస్‌బ్యాండ్ ప్రాసెసర్ అని దానికో సొంత కంప్యూటరే ఉంది. సెల్యులార్ ప్రమాణాల్లో ఏటీ ఆజ్ఞలకి ఇంకా చోటుంది, 4జీ మాడ్యూళ్లు వాటికి జవాబిస్తాయి. పాత మోడెంతో పనులన్నీ వెనక్కి వచ్చాయి, దాన్ని తెరిచి చూసే వీలు మాత్రం రాలేదు. బేస్‌బ్యాండ్‌లో నడిచే కోడ్ సాధారణంగా చిప్పు కంపెనీ దగ్గరే మూసి ఉంటుంది. నెట్‌వర్క్ దానితో ఏం మాట్లాడుతోందో ఫోన్ కొన్నవాడికి కనిపించదు. ఎక్కడైనా తేడా వస్తే, బయోస్‌లోకెళ్లి ఆపడానికి అందులో కామ్2 లేదు.