ట్లింగిట్ వేరుబుట్టలు: సేకర్తల కొలమానంపై ఒక పునఃపరిశీలన

పాత ట్లింగిట్ బుట్టలకు విలువ కట్టేటప్పుడు సేకర్తలు తరచూ ఒక గీత గీస్తారు. ఇంటి వాడకానికి అల్లినది అసలైనది. ఓడల్లో వచ్చిన యాత్రికులకు అమ్మినది నాసిరకం. ఈ విభజన అల్లిక ముందు నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆగ్నేయ అలాస్కా తీరపు ట్లింగిట్ స్త్రీలకు ముడిసరుకు సిట్కా స్ప్రూస్ చెట్టు వేరు. నేలలో పైపైన పాకిన సన్నవేళ్లను వసంతకాలంలో తవ్వి తీసి, నిప్పుల సెగన కాల్చి, చీలిక పెట్టిన కర్రలోంచి లాగుతారు. బెరడు ఊడివస్తుంది. ఆపైన వేరును నిలువునా చీలుస్తారు. నిగనిగలాడే పైభాగం పేకకు, లోపలిది పడుగుకు. ఈ తయారీకి పట్టే శ్రమ అల్లికకు పట్టే శ్రమకు తీసిపోదు. రెండు పేకలు ఒకదాన్నొకటి మెలివేసుకుంటూ ప్రతి పడుగునూ బిగిస్తాయి. తడిసిన వేరు ఉబ్బి సందులు పూడుస్తుంది. అందుకే నీళ్లు పోసి, కాలిన రాళ్లు వేసి బుట్టలోనే వండుకోగలిగారు.

నగిషీ పని మరీ సూక్ష్మం. అల్లుతుండగానే రంగు గడ్డిపోచను బయటి పేకకు చుట్టుకుంటూ పోతారు. చూపుకు కుట్టుపనిలా ఉంటుంది గాని సూది తగలదు. బొమ్మ బయటే కనిపిస్తుంది, లోపల వట్టి అల్లికే ఉంటుంది. గడ్డిచుట్టు వాలు పేక వాలుకు ఎదురుగా సాగుతుంది. నకిలీని పట్టివ్వడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడదు.

1880ల నుంచి ఆవిరి ఓడలు యాత్రికులను తెచ్చాయి. సిట్కా వంటి రేవుల్లో స్త్రీలు బుట్టలు పరిచి అమ్మారు. బ్లూబెర్రీ, హెమ్లాక్ బెరడు రంగుల పక్కన అనిలిన్ రంగులు చేరాయి. గాజుసీసాల మీదా అల్లారు. మూతలో గులకరాళ్లు గలగలలాడే బుట్టలకు గిరాకీ పెరిగింది. రంగు మారింది, ఆకారం మారింది. వేరును చీల్చే పద్ధతి, మెలిక, గడ్డిచుట్టు మారలేదు. అమ్మకం ఈ విద్యను చెడగొట్టలేదనీ, ఆ చేతులకు పని నిలిపిందనీ నా నిశ్చితాభిప్రాయం. 2009లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం అందుకున్న సిట్కా కళాకారిణి టెరీ రోఫ్కార్ అల్లినదీ ఈ వేళ్లతోనే.

నౌకాదళ అధికారి జార్జ్ ఎమ్మన్స్ 1903లో ప్రచురించిన అధ్యయనం నగిషీల పేర్లను శ్రద్ధగా నమోదు చేసింది. ఇప్పటికీ అది లేకుండా ఈ రంగంలో అడుగు పడదు. కాని ఆనాటి సేకరణల్లోని ఎన్నో బుట్టలకు సేకర్త పేరుంది, అల్లిన స్త్రీ పేరు లేదు. ఎవరు కొన్నారన్నదే కొలమానమైనచోట ఎవరు అల్లారన్న ప్రశ్న పుట్టనే లేదు.

ఏ బుట్టనైనా 'యాత్రికుల సరుకు' అని తీసిపారేసేముందు సేకర్తలు దాని లోపలి వైపు చూడాలి. మ్యూజియంలు పేరు గడిని ఖాళీగా వదలకుండా 'అల్లినది ట్లింగిట్ స్త్రీ, పేరు నమోదు కాలేదు' అని రాయాలి.