చెన్నపట్టణపు హెరాల్డు
చెన్నపట్టణమున 1961వ సంవత్సరమున తయారుకాజొచ్చిన స్టాండర్డు హెరాల్డు కారును ఇంటి షెడ్డులోనే బాగుచేసికొనవచ్చునని మేమన్నచో కొందరు నవ్వుదురు. దీని మాతృక ఆంగ్లదేశపు ట్రయంఫ్ హెరాల్డు. ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ భాగములు బోల్టులతో బిగింపబడినవి. బానెట్టు ముందునకు తెరచినచో ఇంజను అంతయు చేతికందును. ఇంటిపనికి ఇంతకంటె అనుకూలమగు బండి అరుదు. తుప్పుపై పుట్టీ మెత్తి రంగు వేయించువారిని మాత్రము మేము మెచ్చజాలము. ఛాసిస్ తుప్పుతినిపోయినచో రంగేమి నిలుపును?

ఆంగ్లదేశమున ఈ కారునకు పక్కలనున్నవి రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డు పిదప మన చెన్నపట్టణముననే పుట్టినది. ఇంజను భాగములకు ఆంగ్లదేశమున వెదకవచ్చును గాని, వెనుక తలుపు అచ్చట దొరకదు. కావున అది ఎంత చిల్లులు పడినను, పాతయినుము కొనువానికి తూకమునకు వేయరాదు. క్రొత్త రేకు కోయుటకు అదియే నమూనా.