స్పామ్ వడపోత: ఇంటర్నెట్ సంస్థల ముందు నిలిచిన ఎంపిక

మీ ఈమెయిల్‌లో స్పామ్ అనే విభాగాన్ని మీరు చూసే ఉంటారు. ఏ ఉత్తరం అందులోకి పోవాలో మీరు చూడకముందే నిర్ణయం జరిగిపోతుంది. ఈ నిర్ణయం ఇంటర్నెట్ సేవలందించే సంస్థల చేతికి ఎలా వచ్చింది, అవి ఏ పద్ధతులను ఎందుకు ఎంచుకున్నాయి అనే విషయాలను ఈ భాగంలో పరిశీలిద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను గుర్తుంచుకోండి: వడపోత పొరపాటు చేస్తే నష్టపోయేది ఎవరు?

1. సమస్య మూలాలు

1978 మే 3న అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఆర్పానెట్ వాడుకదారుల్లో సుమారు 400 మందికి తమ కంప్యూటర్ల ప్రకటన పంపారు. దీనినే సాధారణంగా తొలి స్పామ్‌గా పేర్కొంటారు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రూపొందించిన ఎస్.ఎం.టి.పి. నియమావళి వెలువడింది. ఈమెయిల్ నేటికీ దాని వారసత్వంతోనే నడుస్తోంది. పంపినవారి చిరునామా నిజమైనదో కాదో సరిచూసే ఏర్పాటు అందులో లేదు. పరిశోధకులు, విశ్వవిద్యాలయాలు ఎక్కువగా వాడే నెట్‌వర్క్‌లో అది పెద్ద లోపంగా కనిపించలేదు.

1990లలో వ్యాపార ప్రపంచం ప్రవేశించాక ఆ లోపం బయటపడింది. తపాలాలో ప్రకటన పంపేవారు ప్రతి కవరుకూ స్టాంపు కొనాలి. స్పామ్‌లో ఖర్చు ఎక్కువ భాగం అందుకునేవారిదే. సర్వర్‌లో నిల్వ స్థలం, లైన్ల సామర్థ్యం సంస్థవి. సమయం చందాదారుడిది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. గంటల లెక్కన కొనుక్కున్న డయలప్ సమయంలో, పనికిరాని ఉత్తరం దిగే ప్రతి నిమిషమూ చందాదారుడి ఖర్చే.

2. మొదటి మార్గం: పంపినవారిని చూడటం

1997లో పాల్ విక్సీ మ్యాప్స్ అనే సంస్థ ద్వారా ఒక నిషేధ జాబితాను నడిపారు. స్పామ్ పంపే, లేదా దానికి చోటిచ్చే సర్వర్ల ఐ.పి. చిరునామాలు అందులో ఉండేవి. ఉత్తరం వచ్చినప్పుడు మన సర్వర్ ఆ చిరునామా జాబితాలో ఉందా అని డి.ఎన్.ఎస్. ద్వారా అడుగుతుంది. ఉందని సమాధానం వస్తే గుమ్మం దగ్గరే తిరస్కరిస్తుంది. ఉత్తరం పూర్తిగా లోపలికి రాకముందే పని ముగుస్తుంది కాబట్టి ఖర్చు చాలా తక్కువ.

అయితే ఒక సర్వర్‌ను వేలమంది పంచుకుంటారు. ఒకరు చేసిన తప్పుకు అందరి ఉత్తరాలూ ఆగిపోయేవి. పైగా తీర్పు బయటివారి చేతిలో ఉండేది. 2003 ఆగస్టులో, దాడులకు గురైన ఓసిరుసాఫ్ట్ జాబితా మూతపడుతూ, అడిగిన ప్రతి చిరునామాకూ ఉందనే సమాధానం ఇచ్చింది. ఆ ఒక్క జాబితానే నమ్ముకున్న సర్వర్లు మంచి ఉత్తరాలను కూడా వెనక్కి పంపేశాయి.

3. రెండవ మార్గం: ఉత్తరాన్ని చదవడం

2001లో జస్టిన్ మేసన్ స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశారు. ఇది ఉత్తరాన్ని అనేక పరీక్షలకు గురిచేసి, ఒక్కొక్క లక్షణానికి కొన్ని పాయింట్లు వేస్తుంది. మామూలు అమరికలో మొత్తం 5 చేరితే అది స్పామ్. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసం మరో పద్ధతికి ప్రచారం తెచ్చింది. ఏ పదం స్పామ్‌లో ఎంత తరచుగా, మంచి ఉత్తరాల్లో ఎంత తరచుగా వస్తుందో లెక్కించి, బేయెస్ సంభావ్యత సూత్రంతో తీర్పు చెప్పే పద్ధతి అది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఈ పద్ధతి ఒక వ్యక్తి సొంత ఉత్తరాల నుంచి నేర్చుకున్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఇంటర్నెట్ సంస్థ చందాదారుల్లో వైద్యులు ఉంటారు, రుణాల వ్యాపారులు ఉంటారు. ఒకరికి స్పామ్‌గా తోచే మందు పేరు, మరొకరికి రోజువారీ పని. అంతేకాక ప్రతి ఉత్తరాన్నీ చదవాలంటే సర్వర్లపై భారం పెరుగుతుంది.

4. మూడవ మార్గం: ప్రవర్తనను చూడటం

2003లో ఇవాన్ హ్యారిస్ గ్రేలిస్టింగ్‌ను ప్రతిపాదించారు. కొత్త చోటినుంచి వచ్చిన ఉత్తరాన్ని సర్వర్ "కాసేపాగి రండి" అని తాత్కాలికంగా తిప్పి పంపుతుంది. నియమాలు పాటించే సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆనాటి స్పామ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు అలా ప్రయత్నించేవి కావు. దీని లోపం ఆలస్యం. అత్యవసరమైన ఉత్తరం కూడా వేచి ఉండాలి. స్పామ్ పంపేవారు మళ్లీ ప్రయత్నించడం నేర్చుకుంటే దీని బలం తగ్గుతుంది.

5. ఎంపికలో అసలు ప్రశ్న

ఏ ఒక్క పద్ధతీ చాలదని అనుభవం నేర్పింది. అందుచేత చవకైన పరీక్షలు గుమ్మం దగ్గర, ఖరీదైన పరీక్షలు లోపల అనే క్రమం స్థిరపడింది. కానీ అనుమానించిన ఉత్తరాన్ని ఏం చేయాలనేది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. గుమ్మం దగ్గరే తిరస్కరిస్తే, నిజాయితీగా పంపినవారికి ఆ సంగతి తెలుస్తుంది. స్పామ్ విభాగంలో వేస్తే, అందుకునేవారు వెతికి చూసుకోగలరు. తీసుకున్న తరువాత తిప్పి పంపితే, స్పామర్ దొంగిలించి వాడుకున్న చిరునామా గల అమాయకుడికి అది చేరుతుంది. చెప్పకుండా తుడిచేస్తే ఇద్దరికీ ఏమీ తెలియదు. ఉద్యోగానికి పిలుపు పంపిన సంస్థ జవాబు కోసం, ఆ పిలుపు రాని అభ్యర్థి ఉత్తరం కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

చేటలో చెరిగేటప్పుడు పొట్టుతోపాటు కొన్ని గింజలూ పోతాయి. కింద పడిన గింజను ఏరుకోవచ్చు. గాలికి పోయినదాన్ని ఏరుకోలేం. కాబట్టి ఒక వడపోతను అంచనా వేసేటప్పుడు ఎంత స్పామ్ ఆపిందని మాత్రమే కాక, పొరపాటు జరిగితే దాన్ని కనిపెట్టి సరిదిద్దుకునే దారి ఉందా అని కూడా అడగాలి. ఆ దారి ఉన్న పద్ధతినే మంచి ఎంపిక అనవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిషేధ జాబితాల లాభనష్టాలను ఒక ఉదాహరణతో వివరించండి.
2. ఒకే బేయెస్ వడపోత చందాదారులందరికీ సమానంగా సరిపోకపోవడానికి కారణం ఏమిటి?
3. అనుమానిత ఉత్తరాన్ని చెప్పకుండా తుడిచేయడం వల్ల కలిగే నష్టాన్ని చర్చించండి.